రాత్రి షిఫ్టు చేసేవారు తిండి, నిద్ర, వెలుతురు అమర్చుకోవలసిన తీరు

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి బొగ్గుబావుల్లోనూ, రామగుండం విద్యుత్ కేంద్రంలోనూ, కాజీపేట జంక్షన్ నుంచి రైళ్లు నడిపే లోకో పైలట్ల ఇళ్లలోనూ, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లోనూ షిఫ్టుల జీవితం కొత్తగా వచ్చినది కాదు. అయినా రాత్రి డ్యూటీ చేసే మనిషి ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి అనే విషయంలో మన ఇళ్లలో ఒక పద్ధతంటూ ఏర్పడలేదు. ఆకలైనప్పుడు తిని, కన్ను మూతపడినప్పుడు పడుకుని ఎక్కువమంది ఎలాగో నెట్టుకొస్తున్నారు. కడుపుబ్బరం, పుల్లటి తేన్పులు, నడుము చుట్టూ పేరుకునే కొవ్వు, నలభై ఏళ్లకే షుగరు, ఇంట్లోవాళ్ల మీద ఊరికే వచ్చే కోపం, వీటన్నిటికీ నిద్ర చాలడం లేదన్న ఒక్క కారణమే చెప్పుకుంటారు. నిద్ర చాలకపోవడం నిజమే. అయితే అర్ధరాత్రి తినే అన్నానికి కూడా ఇందులో పెద్ద వాటా ఉందని చెప్పడానికి ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి. షిఫ్టు మార్చుకోవడం చాలామంది చేతిలో ఉండదు, పగటి నిద్ర కూడా పూర్తిగా మన చేతిలో ఉండదు. టిఫిన్ డబ్బాలో ఏం పెట్టుకోవాలి, దాన్ని ఎన్ని గంటలకు తెరవాలి అనేది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. అందుకే ఇక్కడ తిండికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒంట్లో జరిగేది

కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోట, దానికి కొంచెం పైన, దాదాపు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంటుంది. ఒంటి మొత్తానికి పెద్ద గడియారం ఇదే. కంటి లోపలి పొరలో వెలుతురును, ముఖ్యంగా నీలి వెలుతురును పసిగట్టే ప్రత్యేక కణాలు కొన్ని ఉన్నాయి. పగలైందో రాత్రైందో ఈ గడియారానికి చేరవేసేవి అవే. కణం లోపల ఈ లయను నడిపే జన్యువుల పనితీరును పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో కనుగొన్నందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్య నోబెల్ వచ్చింది. వెలుతురు అందకపోయినా ఈ గడియారం ఆగదు. మనుషుల్లో సగటున 24 గంటల 10 నిమిషాలకు కాస్త అటూఇటూగా ఒక చుట్టు తిరుగుతూనే ఉంటుంది.

బొగ్గుబావిలో పనిచేసేవారికి 1938లో జరిగిన ఒక ప్రయోగం బాగా అర్థమవుతుంది. నిద్రపై పరిశోధన చేసిన నథానియెల్ క్లైట్‌మన్, బ్రూస్ రిచర్డ్‌సన్ అనే యువకుడిని వెంటబెట్టుకుని అమెరికాలోని మామత్ గుహలోకి దిగి, ఎండ పొడ తగలని చోట 32 రోజులు ఉన్నారు. రోజుకు 24 గంటలకు బదులు 28 గంటలు అన్న లెక్కన నిద్రపోతూ, లేస్తూ, ఒంటి వేడిని కొలుచుకున్నారు. చిన్నవాడైన రిచర్డ్‌సన్ శరీరం కొత్త లెక్కకు అలవాటు పడింది. నలభై దాటిన క్లైట్‌మన్ శరీరం మాత్రం నెల గడిచినా 24 గంటల లయను వదల్లేదు. భూగర్భ గనిలో రాత్రీ పగలూ చీకటి ఒక్కటే, కానీ తెల్లవారుజామున నాలుగింటికి కమ్మేసే నిస్సత్తువ మధ్యాహ్నం పన్నెండింటికి రాదు. వయసు మీదపడే కొద్దీ రాత్రి షిఫ్టు మరింత బరువనిపించడం మీ మనసు బలహీనత ఏమీ కాదు, ఒంటి స్వభావమే అంత.

గడియారం ఆ ఒక్కటే అయి ఉంటే చిక్కు ఇంత పెద్దది కాకపోయేది. కాలేయానికి, క్లోమానికి, పేగులకు, కండరాలకు, కొవ్వు కణాలకు కూడా వేటి గడియారాలు వాటికి ఉన్నాయి. మెదడులోని గడియారం వెలుతురును చూసి సరిచేసుకుంటే, కడుపులోని ఈ గడియారాలు చాలావరకు తిండి వేళను చూసి సరిచేసుకుంటాయి. పగటి వెలుతురు చూస్తూ, రాత్రి రెండింటికి అన్నం తినే మనిషిలో మెదడు ఒక వేళ చెబుతుంటే కాలేయం ఇంకో వేళ చెబుతుంది. పైగా రాత్రివేళ మెలటోనిన్ అనే హార్మోన్ రక్తంలో ఎక్కువగా ఉంటుంది, అది క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను తగ్గిస్తుంది. అందుకే మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నమే అర్ధరాత్రి ఒంటిగంటకు తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది, దిగడానికీ ఎక్కువ సేపు తీసుకుంటుంది.

2009లో అమెరికాలో పదిమందిపై జరిగిన ఒక ప్రయోగంలో నిద్ర, తిండి వేళలను క్రమంగా జరుపుతూ ఒంటి గడియారానికి పూర్తిగా ఎదురు తిప్పారు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ హార్మోన్ 17 శాతం పడిపోయింది. ఇన్సులిన్ 22 శాతం పెరిగినా రక్తంలో చక్కెర 6 శాతం పెరిగింది, రక్తపోటు 3 శాతం పెరిగింది. ఆరోగ్యవంతులైన వారిలోనే కొందరి చక్కెర కొద్ది రోజుల్లో షుగరు వ్యాధికి ముందు దశ దాకా వెళ్లింది. ఇంతకంటే మనకు పనికొచ్చేది 2021లో అచ్చయిన మరో ప్రయోగం. అందులో 19 మందిని రెండు జట్లు చేసి, రెండు జట్లకూ రాత్రి షిఫ్టును పోలిన వేళలే పెట్టి, ఒక జట్టుకు రాత్రి కూడా తిండి పెట్టారు, రెండో జట్టుకు పగలు మాత్రమే పెట్టారు. రాత్రి తిన్నవారి చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది, పగలు మాత్రమే తిన్నవారిలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. ప్రయోగశాలలో కూర్చున్న యువకులకూ ఇరవై ఏళ్లుగా బావి పని చేస్తున్న కార్మికుడికీ తేడా ఉంటుంది, ఆ మాట మరచిపోకూడదు. అయినా ఖర్చు లేకుండా, ఎవరి అనుమతీ అక్కరలేకుండా మార్చుకోగలిగినది ఇదొక్కటే కాబట్టి దీనితోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

డబ్బా ఎప్పుడు తెరవాలి

రాత్రి పదకొండుకు ఎక్కి పొద్దున ఏడుకు దిగే షిఫ్టును ఉదాహరణగా తీసుకుందాం. చాలా ఇళ్లలో కనిపించే ఏర్పాటు ఇది: సాయంత్రం ఏదో కొంచెం తిని బయలుదేరతారు, అసలు భోజనం మూడు గిన్నెల క్యారియర్‌లో వెంట వెళుతుంది. అడుగు గిన్నెలో అదిమి పెట్టిన అన్నం, మధ్య గిన్నెలో కూర, పై గిన్నెలో పచ్చిపులుసో పప్పో ఉంటుంది. రాత్రి రెండు ప్రాంతంలో నలుగురూ ఒకచోట కూర్చుని మూతలు తీసేసరికి అన్నం చల్లబడి గడ్డకట్టి ఉంటుంది. ఒకరి కూర ఇంకొకరు వేసుకుని, గడ్డలు చిదుపుకుంటూ, కడుపు నిండా తిని లేస్తారు. ఆ తర్వాత గంటన్నరకు వచ్చే మగత గడియారం వల్ల సగం, ఆ అన్నం వల్ల సగం.

ఈ క్రమాన్ని తిప్పి వేసుకోవాలి. రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య ఇంట్లోనే నిండు భోజనం చేయండి. పదింటికి హడావిడిగా తిని బండెక్కితే ఆ భోజనం కూడా అర్ధరాత్రి భోజనం కిందికే వస్తుంది. కంచంలో అన్నం తగ్గించి, ఒక జొన్నరొట్టె, గట్టి పప్పు, కూరగాయ, గుడ్డో చేపో పెట్టుకుంటే ఆకలి చాలాసేపు ఆగుతుంది. జొన్నరొట్టె మన ప్రాంతంలో తాతల నాటి నుంచి ఉన్నదే, దాన్ని షుగరు వచ్చినవారి తిండిగా మాత్రమే చూడడం మానుకోవాలి.

రాత్రి పన్నెండు నుంచి ఐదు వరకు భోజనం అనేది పెట్టుకోకండి. ఆకలి తట్టుకోలేకపోతే ఒంటిగంటలోపే, గుప్పెడుకు మించకుండా తినండి. శనగ గుడాలు, బొబ్బెర గుడాలు, పల్లీలు, ఉడికించిన గుడ్డు, పలుచటి మజ్జిగ ఇందుకు బాగా పనికొస్తాయి. క్యారియర్ స్థానంలో చిన్న డబ్బా పెట్టుకుంటే తినే కొలత దానంతట అదే తగ్గుతుంది. క్యాంటీన్ మిర్చి బజ్జీ, బిస్కెట్లు, బన్ను, కూల్‌డ్రింకు ఆ వేళకు అన్నం కంటే మేలేమీ కావు. మంచినీళ్లు మాత్రం గంటకోసారైనా తాగాలి.

అందరితో కలిసి తినే ఆ పావుగంట విలువను నేను తక్కువ చేయను. చీకట్లో, ప్రమాదంతో కూడిన పని మధ్య మనుషులను కలిపి ఉంచేది అదే. ఒక్కరే పక్కకు జరిగి కూర్చుంటే ఆ నియమం వారం కూడా నిలవదు. అందువల్ల ఈ విషయం జట్టులో మాట్లాడుకుని, అందరూ గుడాలకే మారడం మేలు. కూర్చోవడం, పంచుకోవడం అలాగే ఉంటాయి, గిన్నె ఒక్కటే మారుతుంది.

కాయకష్టం ఎక్కువగా చేసేవారి విషయం వేరుగా చూడాలి. టింబర్ మోసేవారు, లోడింగ్ చేసేవారు, వార్డులో ఎనిమిది గంటలు నిలబడే గర్భిణి నర్సు ఏమీ తినకుండా ఉండడం సరికాదు. వీరు ఎనిమిదిన్నర భోజనాన్ని అలాగే ఉంచుకుని, రాత్రి పన్నెండున్నరకు ఒక రొట్టె, పప్పు, గుడ్డు తినవచ్చు. అన్నం, తీపి మాత్రం పగటికే ఉంచుకోవాలి. షుగరు మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడుతున్నవారు రాత్రి తిండిని సొంతంగా మానేయకూడదు. మందు మోతాదు మార్చకుండా తిండి మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అదీ యంత్రాల దగ్గరో స్టీరింగ్ ముందో జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. ముందు డాక్టరును అడిగి తర్వాతే మార్చుకోవాలి.

డ్యూటీ దిగాక ఖాళీ కడుపుతో పడుకుంటే మధ్యాహ్నం పన్నెండుకే ఆకలి నిద్ర లేపుతుంది, కడుపు నిండా తిని పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నుతుంది. అందుకని పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య రెండు ఇడ్లీలు గానీ, ఒక రొట్టె, గుడ్డు గానీ తిని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి పడుకోవాలి. మధ్యాహ్నం లేచాక తినేదే ఆ రోజుకు పెద్ద భోజనం కావాలి. అన్నం మీద మనసున్నవారు దాన్ని ఇక్కడ తినవచ్చు, ఆ వేళకు క్లోమం బాగా పనిచేస్తుంటుంది.

మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా ఉండే రెండో షిఫ్టులో జరిగే తప్పు ఒక్కటే: ఇంటికి చేరాక పదకొండున్నరకు నిండుగా తిని వెంటనే పడుకోవడం. రాత్రి భోజనాన్ని ఏడు, ఎనిమిది మధ్య పనిచోటే ముగించి, ఇంటికి వచ్చాక మజ్జిగతో సరిపెట్టుకుంటే చాలు. పొద్దుటి షిఫ్టులో ఏమీ తినకుండా బయలుదేరి పదకొండింటికి కంచం నింపడం మానుకుంటే అంతకు మించి చెప్పవలసింది లేదు.

చాయ్, జర్దా, మందు

చాయ్ మానమని రాత్రి డ్యూటీ చేసేవారికి చెప్పడం అన్యాయం. అది మెలకువను నిజంగానే నిలుపుతుంది, డంపర్ నడిపేవారికి ఆ మెలకువ అవసరం కూడా. అయితే చాయ్, కాఫీల్లోని కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున ఐదింటికి తాగిన చాయ్ పొద్దున తొమ్మిదింటికి పక్క మీద కూడా మీతోనే ఉంటుంది. షిఫ్టు మొదటి సగంలో రెండు చాయ్‌లు తాగి, రెండున్నర, మూడు తర్వాత ఆపేయడం మంచి లెక్క. చక్కెర విషయం చాలామంది పట్టించుకోరు. ఒక చెంచా చక్కెర దాదాపు 5 గ్రాములు. రెండు చెంచాలు వేసిన చాయ్ నాలుగు సార్లు తాగితే, ఇన్సులిన్ మందగించిన వేళలోనే 40 గ్రాముల చక్కెర లోపలికి పోతుంది.

జర్దా, గుట్కా, సిగరెట్లలోని నికోటిన్ కూడా నిద్రను తరిమేదే. డ్యూటీ దిగాక నిద్ర పట్టడానికని ఒక పెగ్గో, ఒక సీసా కల్లో తాగే అలవాటు మన దగ్గర తక్కువేమీ లేదు. అది కన్ను త్వరగా మూయిస్తుంది, రెండు మూడు గంటల తర్వాత నిద్రను ముక్కలు చేస్తుంది, గురక పెంచుతుంది. నాలుగు గంటలకే లేచి, నిద్ర చాలక మర్నాడు ఇంకొంచెం ఎక్కువ తాగడంతో అది పెరుగుతూ పోతుంది. ఈ దారిలో పడ్డ కుటుంబాలను చూసినవారికి దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మెలటోనిన్ మాత్రలను కూడా మందుల షాపులో సొంతంగా కొనుక్కోకండి, తప్పు వేళకు వేసుకుంటే అవి గడియారాన్ని తప్పు వైపే జరుపుతాయి.

పగటి నిద్రకు ఇల్లంతా సాయపడాలి

రాత్రి పనిచేసినవారు పగలు ఎంత అలసిపోయి పడుకున్నా, సాధారణంగా రాత్రి నిద్ర కంటే గంట నుంచి మూడు నాలుగు గంటలు తక్కువే నిద్రపోగలరు. ఉదయం నుంచి ఒంటి వేడి పెరుగుతూ, గడియారం మెలకువ వైపు నెడుతుంటుంది. దీన్ని పూర్తిగా గెలవలేం, కానీ వెలుతురును, చప్పుడును, వేడిని తగ్గించుకోగలం.

వెలుతురు సంగతి పనిచోటే మొదలవుతుంది. షిఫ్టు మొదటి సగంలో వీలైనంత మంచి వెలుతురులో ఉండండి, అది గడియారాన్ని వెనక్కి జరపడానికి సాయపడుతుంది. డ్యూటీ దిగి బయటికి వచ్చాక ఎండ ముఖాన పడితే మెదడు పగలైందని గట్టిగా నమ్ముతుంది. నల్ల కళ్లద్దాలు, టోపీ అక్కడ పనికొస్తాయి. అయితే బండి మీదే తూలుతున్నారనిపిస్తే కళ్లద్దాలు పెట్టుకోవద్దు, ఆ పూటకు నిద్ర కంటే రోడ్డు ముఖ్యం.

పడుకునే గది చీకటిగా ఉండాలంటే కర్టెన్ ఒక్కటే చాలదు. కిటికీ కొలతకు కోసిన అట్టముక్కకు నల్లగుడ్డ చుట్టి బిగిస్తే వంద రూపాయల్లో పని అవుతుంది. తలుపు కింద సందులో పాత చీర ముక్క పెట్టండి. చెయ్యి చాచి వేళ్లు లెక్కపెట్టడం కష్టమయ్యేంత చీకటి కావాలి. మే నెలలో రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో పగటి నిద్ర అసలు పరీక్ష. మేడ మీది గదిని వదిలి, ఉన్నంతలో కింది గదిని, తూర్పు పడమర గోడలు ఎండకు కాలని గదిని ఎంచుకోవాలి. కూలర్ నీళ్లు పడుకునే ముందే నింపాలి, గాలి బయటికి పోయేలా ఎదురు కిటికీ కొంచెం తెరిచి దానికి నల్లగుడ్డ కట్టాలి. కూలర్ హోరు బయటి చప్పుళ్లను కూడా మింగేస్తుంది, కాబట్టి చల్లబడే కాలంలో దాని స్థానంలో టేబుల్ ఫ్యాన్ వేసుకునేవారు ఉన్నారు. పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తే ఒంటి వేడి బయటికి పోయి నిద్ర తొందరగా పడుతుంది.

ఇక చప్పుడు. మిక్సీ, పప్పు కుక్కరు, టీవీ, కూరగాయల బండి మైకు, చిట్టీ డబ్బులకు వచ్చేవాళ్లు, ఫోను, ఇవన్నీ పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట లోపే వస్తాయి. వాకిట్లోకి వచ్చిన బంధువు "పడుకున్నడా? ఒక్కసారి లేపు, మాట్లాడి పోత" అంటే మన ఇళ్లలో కాదనలేరు. కాదనడం నేర్చుకోవాలి. రాత్రి రెండింటికి వారి తలుపు కొట్టి లేపితే వారికి ఎలా ఉంటుందో, పొద్దున పదింటికి రాత్రి డ్యూటీ మనిషిని లేపడం అలాంటిదే. తలుపుకు ఒక కాగితం అంటించండి, ఫోను ఇంటివాళ్ల ఒక్క నంబరుకు తప్ప మోగకుండా పెట్టుకోండి, చెవుల్లో దూదికి బదులు మందుల షాపులో దొరికే మెత్తటి ఇయర్‌ప్లగ్గులు వాడండి.

ఈ ఏర్పాట్లన్నీ మగవాళ్లకు ఇల్లు చేసిపెడుతుంది. రాత్రి డ్యూటీ చేసిన నర్సమ్మకు చేసిపెట్టేవారు ఎవరు? ఆమె ఎనిమిదిన్నరకు ఇంటికి చేరి, పిల్లల జడలు వేసి, డబ్బాలు కట్టి, బడికి పంపి, మధ్యాహ్నానికి వండి, పదకొండింటికి పక్క మీదికి చేరి, పిల్లలు వచ్చే మూడున్నరకు లేస్తుంది. నాలుగున్నర గంటలు. అందులో కూడా తలుపు చప్పుడుకు రెండుసార్లు లేస్తుంది. 1999లో జరిగిన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, వారి శరీరం చక్కెరను వాడుకునే వేగం దాదాపు 40 శాతం మందగించింది. ఆరు రాత్రులకే అలా అయితే, ఏళ్ల తరబడి అంతే నిద్రతో నెట్టుకొచ్చే ఆడవాళ్ల సంగతి ఆ ఇంట్లోవాళ్లు కూర్చుని ఆలోచించాలి. రాత్రి డ్యూటీ వారాల్లో పొద్దుటి వంట, పిల్లల బడి పని భర్తో అత్తమామలో తీసుకోవాలి, అది ఆమెకు చేసే ఉపకారం అనుకోకూడదు. ఇంటిపనికి, నిద్రకు ఒకే వేళ అయినప్పుడు నిద్రే ముందు.

ఒకే దఫాలో ఏడు గంటలు కుదరకపోతే రెండుగా విడదీసుకోండి. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంటన్నర దాకా ఒక నిద్ర, మళ్లీ సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా రెండో నిద్ర, లేచి భోజనం చేసి డ్యూటీకి. రెండో నిద్ర వల్ల షిఫ్టు రెండో సగంలో మెలకువ స్పష్టంగా మెరుగవుతుంది. ఆ నిద్రను సెల్‌ఫోను వీడియోలకు ఇవ్వకండి.

షిఫ్టు మారే రోజులు

గడియారం రోజుకు గంట, గంటన్నరకు మించి జరగదు. ఆలస్యంగా పడుకోవడం దానికి సులువు, ముందుగా పడుకోవడం కష్టం. అందుకే పొద్దుటి షిఫ్టు తర్వాత మధ్యాహ్నం, దాని తర్వాత రాత్రి అనే వరుస, తిరగేసిన వరుస కంటే ఒంటికి తేలిక. మీ దగ్గర రాత్రి నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి పొద్దుటికి తిప్పే పద్ధతి ఉంటే, యూనియన్ సమావేశాల్లో అడగదగిన మార్పు ఇది. దీనికి యాజమాన్యానికి అయ్యే ఖర్చు కూడా తక్కువే. రాత్రి పదకొండుకు దిగి మర్నాడు ఏడుకే ఎక్కే రోజు అన్నిటికంటే చెడ్డది: చేతిలో ఉండేది ఎనిమిది గంటలే, ప్రయాణం, స్నానం, తిండి పోగా నిద్రకు ఐదు మిగలవు. కనీసం 11 గంటల ఎడం ఉండేలా అడగాలి.

మొదటి రాత్రి డ్యూటీ రోజున పొద్దున వీలైనంత ఆలస్యంగా లేచి, మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. చివరి రాత్రి ముగిశాక మాత్రం మూడు గంటలే నిద్రపోయి, లేచి వెలుతురులో తిరిగి, ఆ రాత్రి పదింటికల్లా పడుకుంటే మామూలు వేళలకు తొందరగా వస్తారు. సెలవు రోజున మూడు పూటలూ పగలే తినాలి.

రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున మూడు నుంచి ఐదు వరకు ఒంటి వేడి, మెలకువ రెండూ అడుగుకు చేరతాయి. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్లు నడిపేవారు, రైలు ఇంజన్లలో ఉన్నవారు లెక్కలు, కొలతలు, రెండోసారి చూసుకోవలసిన పనులు వీలైతే ఈ వేళకు ముందే ముగించుకోవాలి. డ్యూటీ దిగి రాజీవ్ రహదారి మీద ఇరవై, ముప్పై కిలోమీటర్లు బండి మీద ఊరికి వెళ్లేవారు, కళ్లు బరువెక్కితే బయలుదేరకుండా రెస్టు షెల్టర్‌లోనే ఇరవై నిమిషాలు కునుకు తీసి, లేచాక పది నిమిషాలు ఆగి బండెక్కండి. ముఖం కడుక్కోవడం, గాలి తగలడం నిద్రను ఆపవు.

పరీక్షలు, మందులు

34 పరిశోధనలను కలిపి చూసి 2012లో వెలువరించిన విశ్లేషణలో షిఫ్టు పనిచేసేవారికి గుండెపోటు ముప్పు మిగతావారి కంటే 23 శాతం ఎక్కువని తేలింది. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు బహుశా కారణం కాగల వాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చి, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఇవి భయపడడానికి చెప్పే మాటలు కావు, పరీక్షలు వాయిదా వేయకుండా ఉండడానికి చెబుతున్నాను.

నడుము చుట్టుకొలత ఇంట్లో టేపుతోనే తెలుస్తుంది. మన దేశపు మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. పరగడుపు చక్కెర 100 నుంచి 125 మధ్య ఉంటే ముందు దశ, 126 లేదా అంతకు మించి రెండుసార్లు వస్తే షుగరు. ఈ పరీక్షను రాత్రి డ్యూటీ దిగి నేరుగా ల్యాబుకు వెళ్లి చేయించుకోకండి. రాత్రంతా చాయ్ తాగుతూ మేలుకున్న ఒంటిని పరగడుపు అనలేం. పొద్దుటి షిఫ్టు వారంలోనో సెలవు రోజునో, రాత్రి బాగా పడుకుని, ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపు అక్కరలేదు కాబట్టి షిఫ్టు కార్మికులకు అది అనువైనది. రక్తహీనత ఉన్నవారిలో, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ అనే రక్తవ్యాధి ఉన్నవారిలో ఆ లెక్క తప్పుగా రావచ్చు, ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. బీపీని కూడా మంచి నిద్ర తర్వాత ఒకసారి, రాత్రి డ్యూటీ దిగాక ఒకసారి చూపించుకుంటే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది.

చీటీలో "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి" అని రాస్తే రాత్రి షిఫ్టు మనిషికి ఉదయం ఎప్పుడో స్పష్టంగా ఉండదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ మూడు షిఫ్టుల వేళలు, ఒక్కో షిఫ్టులో తినే వేళలు, పడుకునే వేళలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఏ మాత్ర ఏ షిఫ్టులో ఎన్ని గంటలకు వేసుకోవాలో దాని మీదే రాయించుకోండి. షుగరు, బీపీ, థైరాయిడ్ మాత్రలకు ఇది తప్పనిసరి. ఫిట్స్ ఉన్నవారికి నిద్ర చెడితేనే ఫిట్స్ రావచ్చు, కాబట్టి రాత్రి షిఫ్టు నుంచి మినహాయింపు కోసం డాక్టరు చేత రాయించుకుని దరఖాస్తు చేసుకోవాలి. గట్టిగా గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందని ఇంట్లోవాళ్లు చెబుతుంటే, దాన్ని రాత్రి డ్యూటీ అలసట అనుకుని వదిలేయకుండా ఊపిరితిత్తుల డాక్టరుకో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకో చూపించుకోండి.